సైకెడెలిక్ ద్రవ్యాలు – ప్రకృతితో ఏకత్వ భావన : ఒక పరిశీలన

ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి గత కొన్ని సంవత్సరాలుగా ఒక విషయం తరచుగా వినవస్తోంది. కొన్ని రకాల మాదకద్రవ్యాలను సేవించిన వారిలో ప్రకృతి పట్ల ఆత్మీయత పెరుగుతున్నదనీ, చెట్టూ చేమా, పశువూ పక్షీ పరాయివి కావన్న భావం కలుగుతున్నదనీ, మత్తు దిగిన తర్వాత కూడా ఆ భావం కొన్ని నెలలపాటు నిలుస్తున్నదనీ పరిశోధకులు చెబుతున్నారు. అడవులు తరిగిపోయి, నదులు మురుగు కాలువలై, వాతావరణం వేడెక్కుతున్న ఈ కాలంలో ఇటువంటి వార్తకు సహజంగానే ఆకర్షణ ఉంటుంది. తెగిపోయిన బంధాన్ని ఒక మాత్ర ముడివేయగలిగితే అంతకంటే కావలసినదేమిటని అడిగేవారున్నారు.

ముస్లిములకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. సృష్టిని గురించి చింతన చేయమని దివ్య ఖుర్ఆన్ పదేపదే ప్రబోధిస్తుంది. బుద్ధిని కమ్మివేసే మత్తుపదార్థాలను షరీఅత్ నిషేధిస్తుంది. నిషిద్ధమైన వస్తువే ఆదేశించబడిన చింతనకు దారి చూపుతున్నదని ఎవరైనా అంటే సమాధానమేమిటి? విదేశాలలో చదువుకుంటున్న ముస్లిం యువకులకు ఇది ఊహాజనితమైన సందేహం కాదు. “హరామ్” అన్న ఒక్క మాట ఆచరణకు చాలవచ్చును గాని అవగాహనకు చాలదు. అందువల్ల ఆ పరిశోధనలు వాస్తవంగా ఏమి చెబుతున్నాయి, ఎంతవరకు చెబుతున్నాయి, ఇటువంటి ప్రశ్నలకు ఇస్లామీయ విజ్ఞాన సంప్రదాయంలో లభించిన సమాధానాలేమిటి అన్నవి వరుసగా పరిశీలించడం అవసరం.

ఈ ద్రవ్యాలు ఏవి?

ఈ కోవకు చెందిన వాటిని “సైకెడెలిక్” ద్రవ్యాలంటారు. 1950వ దశకంలో హంఫ్రీ ఆస్మండ్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు గ్రీకు మూలాల నుంచి ఈ పదాన్ని కూర్చారు. మనస్సును బయలుపరచేది అని దాని అర్థం. వీటిలో ముఖ్యమైనవి మూడు. మెక్సికో, టెక్సాస్ ప్రాంతాల ఎడారులలో పెరిగే పెయోటే అనే ముళ్ళులేని చిన్న జెముడు మొక్కలో ఉండేది మెస్కలిన్. కొన్ని జాతుల పుట్టగొడుగులలో ఉండేది సిలోసైబిన్. ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే బూజులోని పదార్థం ఆధారంగా ప్రయోగశాలలో తయారైనది ఎల్.ఎస్.డి.

సారాయి, నల్లమందుల ప్రభావానికీ వీటి ప్రభావానికీ భేదమున్నది. సారాయి ఇంద్రియాలను మొద్దుబారుస్తుంది. నల్లమందు బాధను మరపించి మగతలో ముంచుతుంది. ఈ ద్రవ్యాలు మెలకువను తీసివేయకుండానే చూపును, వినికిడిని, కాలస్పృహను, చివరకు “నేను” అన్న స్పృహను సైతం మార్చివేస్తాయి. కొన్ని గంటలపాటు సాగే ఆ స్థితిలో కొందరికి గొప్ప ఆనందం, కొందరికి భయంకరమైన దిగులు, కొందరికి రెండూ కలుగుతాయి.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సాండోజ్ మందుల సంస్థలో పనిచేస్తున్న రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారు చేశారు. మనస్సుపై దాని ప్రభావం 1943 ఏప్రిల్‌లో గాని బయటపడలేదు. అదీ అనుకోకుండా ఆయన మీదనే. అయితే 1979లో వెలువడిన తన గ్రంథంలో హాఫ్‌మన్ బాల్యానుభవం ఒకటి చెప్పుకున్నారు. బాడెన్ పట్టణానికి ఎగువనున్న అడవిలో ఒక మే నెల ఉదయం నడుస్తూండగా పరిసరాలన్నీ అసాధారణమైన కాంతితో కనిపించాయనీ, తానూ ఆ సమస్తంలో భాగమన్న ఆనందం తనను ముంచెత్తిందనీ ఆయన రాశారు. అప్పటికి ఎల్.ఎస్.డి. లోకంలోనే లేదు. ప్రకృతితో ఏకత్వమన్న అనుభూతికి ఈ ద్రవ్యాలు తప్పనిసరి కావని, ఆ ద్రవ్యాన్ని కనిపెట్టిన మనిషి జీవితమే సాక్ష్యమిస్తోంది.

పుట్టగొడుగుల సంగతి మెక్సికో నుంచి బయటి ప్రపంచానికి పాకింది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకు అధికారి ఓహాకా రాష్ట్రంలోని వౌట్లా అనే కొండ ఊరికి వెళ్ళి, మసటెక్ తెగకు చెందిన మరియా సబీనా అనే వైద్యురాలి వద్ద వాటిని సేవించారు. 1957లో ఆయన “లైఫ్” పత్రికలో వ్యాసం రాశారు. మరుసటి సంవత్సరం హాఫ్‌మన్ వాటిలోని సిలోసైబిన్‌ను వేరుచేశారు. అటు తర్వాత వింత అనుభవాల కోసం పరదేశీయులు ఆ ఊరిమీద విరుచుకుపడ్డారు. ఊరివారు మరియా సబీనాపై ఆగ్రహించారు. ఆమె ఇల్లు తగులబడింది. బయటివారు రాకముందు రోగులను స్వస్థపరచడానికే పుట్టగొడుగులను వాడేవారమనీ, కేవలం దేవుణ్ణి వెదకడానికి ఎవరూ తినలేదనీ ఆమె తరువాతి కాలంలో చెప్పింది. ఒకే పుట్టగొడుగు ఒక తెగకు మందు అయింది, మరొక దేశపు యాత్రికులకు వింత అనుభవం అయింది. ఈ సంగతి ముందు ముందు ఉపకరిస్తుంది.

1960వ దశకంలో ఈ ద్రవ్యాల వాడకం విచ్చలవిడి కావడంతో అమెరికా 1970లో కఠినమైన చట్టం చేసింది. 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి ఇవి వస్తాయి. పరిశోధనలు దాదాపు రెండు దశాబ్దాలు అడుగంటి, 1990ల నుంచి మెల్లగా తిరిగి ప్రారంభమయ్యాయి.

మెదడులో జరిగేది

నాడీకణాలు పరస్పరం సందేశాలు అందించుకోవడానికి వాడుకునే రసాయనాలలో సెరటోనిన్ ఒకటి. దానిని అందుకోవడానికి కణాలపై తాళపు రంధ్రాల వంటి గ్రాహకాలున్నాయి. సైకెడెలిక్ ద్రవ్యాలు ఆ గ్రాహకాలలో ఒక రకంలో దూరి వాటిని ప్రేరేపిస్తాయి. ఆ గ్రాహకాలను ముందుగానే వేరొక మందుతో మూసివేస్తే సిలోసైబిన్ ప్రభావం కలగడంలేదని 1998లో జూరిచ్ పరిశోధకులు నిరూపించారు.

2012లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల బృందం, సిలోసైబిన్ ఇచ్చిన వారి మెదళ్ళను చిత్రాలు తీసి పరిశీలించింది. మనిషి తనను గురించి, తన గతాన్ని గురించి, రేపటిని గురించి ఆలోచించుకునేటప్పుడు కలిసి పనిచేసే కొన్ని భాగాలున్నాయి. ఆ భాగాల మధ్య ఉండే పొందిక సడలినట్లు వారికి కనిపించింది. “నేను” అన్న భావాన్ని నిలబెట్టే వ్యవస్థ సడలినప్పుడు “నేను” కానిదానికీ నాకూ మధ్యనున్న గీత కూడా పలచబడుతుందని వారి వివరణ. దీనినే “అహం కరిగిపోవడం” అంటున్నారు.

ఈ వివరణలో ఒక సూక్ష్మమున్నది. గీత పలచబడడం మందు పని. ఆ గీతకు ఆవల ఏమున్నదన్నది మందు నిర్ణయించదు. ఎదుట చెట్లుంటే చెట్లతో, సంగీతముంటే సంగీతంతో, మనస్సులో భయముంటే ఆ భయంతోనే మనిషి కలిసిపోతాడు. సేవించేవాని మనఃస్థితి, చుట్టూ ఉన్న పరిసరాలు, ముందుగా విన్న మాటలు అనుభవాన్ని మలుస్తాయని పరిశోధకులందరూ అంగీకరిస్తున్నారు.

పరిశోధనల ఫలితాలు

ప్రకృతి పట్ల మనిషికున్న సంబంధ భావనను కొలవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రశ్నావళులు తయారు చేశారు. అమెరికాలో మేయర్, ఫ్రాంట్జ్ 2004లో ఒకటి, కెనడాలో ఎలిజబెత్ నిస్బెట్, ఆమె సహచరులు 2009లో 21 వాక్యాలతో మరొకటి రూపొందించారు. ప్రకృతిలో తానొక భాగమని భావిస్తున్నాడా, ఆరుబయట గడపడం ఇష్టమా, తన పనులు భూమిపై చూపే ప్రభావాన్ని గురించి ఆలోచిస్తాడా వంటి విషయాలపై జవాబుదారు తన అంగీకారాన్ని అంకెలలో సూచిస్తాడు.

2017లో ఫోర్స్ట్‌మన్, సాగియోగ్లూ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 1,500 మంది జవాబులను పరిశీలించారు. జీవితంలో సైకెడెలిక్ ద్రవ్యాలను ఎక్కువగా వాడినవారు ప్రకృతితో ఎక్కువ సంబంధ భావన కలిగివున్నట్లు, నీటి పొదుపు వంటి మంచి అలవాట్లు ఎక్కువగా పాటిస్తున్నట్లు చెప్పుకున్నారని తేలింది. ఇతర మాదకద్రవ్యాల వాడకాన్ని, స్వభావ భేదాలను లెక్కలోకి తీసుకున్నా ఈ సంబంధం చెదరలేదు.

2018లో లియన్స్, కార్హార్ట్-హారిస్ ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించారు. ఇతర చికిత్సలకు లొంగని మానసిక కుంగుబాటుతో బాధపడుతున్న ఏడుగురు రోగులకు వైద్యుల పర్యవేక్షణలో సిలోసైబిన్ ఇచ్చి, మందు పుచ్చుకోని మరో ఏడుగురితో పోల్చారు. రోగులలో ప్రకృతి సంబంధ భావన పెరిగింది. నెలల తర్వాత కూడా ఆ పెరుగుదల నిలిచింది. 2019లో కెట్నర్, ఆయన సహచరులు, తమంతట తాము ఈ ద్రవ్యాలను సేవించబోతున్న 654 మందిని ముందూ తరువాతా ప్రశ్నించారు. వారిలోనూ ఆ భావన పెరిగింది. అహం ఎంతగా కరిగిందని చెప్పుకున్నారో, సేవించిన సమయంలో ప్రకృతి పరిసరాల ప్రభావం ఎంతగా ఉన్నదని చెప్పుకున్నారో, పెరుగుదల అంతగా కనిపించింది.

ఫలితాల హద్దులు

ఈ ఫలితాలను కొట్టిపారవేయడం న్యాయం కాదు. కాని వాటిపై మోయలేని బరువు మోపడమూ న్యాయం కాదు.

మొదటిది, 2017 నాటి పరిశీలన ఒక సంబంధాన్ని చూపింది. కారణాన్ని నిరూపించలేదు. అడవులంటే, కొండలంటే ఇష్టపడేవారే ఇటువంటి ప్రయోగాలకు మొగ్గుచూపుతారేమో అన్న సందేహం పూర్తిగా తీరదు. రెండవది, 2018 నాటి రోగులు ఏడుగురే. కుంగుబాటు తగ్గిన మనిషికి లోకమంతా ఆత్మీయంగా తోచడం సహజం. ఆ మార్పు మందుది ఎంత, స్వస్థతది ఎంత అన్నది విడదీయడం కష్టం. మూడవది, 2019 నాటి అధ్యయనంలో పోల్చి చూడడానికి మందు పుచ్చుకోనివారు లేరు. రెండేళ్ళ తరువాత జవాబిచ్చినవారు మొదటివారిలో కొద్దిమందే. మంచి అనుభవం పొందినవారే చివరిదాకా మిగిలివుండవచ్చును.

అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగవది. ఈ అధ్యయనాలలో కొలిచింది మనిషి తనను గురించి తాను చెప్పుకున్న మాటలను. అతని నీటి కుళాయిని గాని, చెత్తబుట్టను గాని, ప్రయాణాలను గాని ఎవరూ వెళ్ళి చూడలేదు. “ప్రకృతి నాకు ఆత్మీయం” అనడానికీ ఆ ఆత్మీయునికి కీడు చేయకుండా బ్రతకడానికీ మధ్య దూరం చాలా ఉంటుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 2006లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో 36 మంది పాల్గొన్నారు. సిలోసైబిన్ అనుభవాన్ని తమ జీవితంలోని ఐదు అత్యంత అర్థవంతమైన సంఘటనలలో ఒకటిగా సుమారు మూడింట రెండు వంతుల మంది పేర్కొన్నారు. దాదాపు మూడోవంతు మందికి ఆ సమయంలో తీవ్రమైన భయం కలిగింది. వారంతా ముందే ఏదో ఒక మతాచరణలో క్రమంగా పాల్గొంటున్నవారు. వైద్య పరీక్షలతో ఏరి, పక్కన మనిషిని ఉంచి, భద్రమైన గదిలో జరిపిన ప్రయోగమది. తీవ్రమైన మతిభ్రమణ వ్యాధులు తమకు గాని దగ్గరి బంధువులకు గాని ఉన్నవారిని ఇటువంటి ప్రయోగాలలోకి సాధారణంగా తీసుకోరు. ఈ జాగ్రత్తలేవీ లేని సేవనానికి ఆ ఫలితాలను అన్వయించడం ప్రమాదకరం.

పరిశోధకుల ఉత్సాహం కూడా కొన్నిసార్లు కంటికి అడ్డు వస్తుంది. 1962లో వాల్టర్ పాంకే అనే పరిశోధకుడు బోస్టన్ విశ్వవిద్యాలయ ప్రార్థనామందిరంలో 20 మంది క్రైస్తవ మతవిద్యార్థులపై జరిపిన ప్రయోగం నేటికీ ఉదహరించబడుతోంది. వారిలో సగం మందికి సిలోసైబిన్ ఇచ్చారు. వారిలో అత్యధికులు గంభీరమైన ఆధ్యాత్మికానుభవం కలిగిందన్నారు. అయితే ఆ మందు పుచ్చుకున్న ఒకనిని ఆందోళన తీవ్రం కావడంతో మత్తుమందు సూది ఇచ్చి శాంతపరచవలసి వచ్చిందనీ, ఆ సంగతి నివేదికలో చేరలేదనీ 1991లో జరిగిన పునఃపరిశీలనలో బయటపడింది.

హక్స్‌లీ – జేనర్ వివాదం

ఈ అనుభవాలకు మతపరమైన విలువ ఉన్నదా అన్న చర్చ కొత్తది కాదు. ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1953లో ఆస్మండ్ పర్యవేక్షణలో మెస్కలిన్ పుచ్చుకుని, 1954లో దానిపై ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. గదిలోని పూలు, కుర్చీ, దుస్తుల మడతలు సైతం తమ అస్తిత్వంతో వెలిగిపోయాయని, ప్రాచీన భక్తులు, యోగులు చూసినదానికి అది సమీపమని ఆయన భావించారు.

ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ఆచార్యుడైన ఆర్. సి. జేనర్ 1957లో దీనికి సమాధానం రాశారు. పారశీక, హిందూ, ముస్లిం ఆధ్యాత్మిక గ్రంథాలను మూలభాషలలో చదివిన పండితుడాయన. తానూ మెస్కలిన్ పుచ్చుకుని చూశారు. ఆయనకు అన్నీ నవ్వు పుట్టించాయే గాని దివ్యమైనదేదీ కనిపించలేదు. “ఆధ్యాత్మికానుభవం” అన్న ఒకే పేరు కింద మూడు వేరు వేరు స్థితులను కలిపివేస్తున్నారన్నది ఆయన వాదం. ప్రకృతిలోని సమస్తమూ తానే, తానే సమస్తమూ అన్న భావన ఒకటి. లోకాన్నంతటినీ వదలి తన ఆత్మలోనే లీనమవడం రెండవది. సృష్టికర్తకు తాను దాసుడనన్న ఎరుకతో ఆయన ప్రేమలో నిలవడం మూడవది. మొదటి స్థితి మందుతోనూ రావచ్చు, జబ్బుతోనూ రావచ్చు, ఏ కారణమూ లేకుండానూ రావచ్చు. మూడవది మాత్రం నడవడిని మార్చకుండా రాదు.

జేనర్ విభజనను అందరూ ఒప్పుకోలేదు. ఆధ్యాత్మికానుభవాలన్నిటికీ మూలంలో ఒకే సారమున్నదని తత్త్వవేత్త స్టేస్ 1960లో వాదించారు. 1962 నాటి బోస్టన్ ప్రయోగంలో స్వయంగా పాల్గొన్న హ్యూస్టన్ స్మిత్ ఈ అనుభవాలను తేలిక చేయకుండానే, మందు మతానుభవాన్ని కలిగించగలదేమో గాని మతజీవితాన్ని కలిగించగలదని తేలలేదన్న భావం వెలిబుచ్చారు. పరస్పరం విభేదించిన జేనర్, స్మిత్‌లిద్దరూ ఈ ఒక్కచోట కలుస్తారు. కలిగిన అనుభూతి ఎంత గొప్పదన్నది కాక, దాని తర్వాత మనిషి ఎలా బ్రతికాడన్నదే పరీక్ష.

ముస్లిం సమాజంలో హషీష్ చర్చ

ఇస్లామీయ చరిత్రలో ఇటువంటి ప్రశ్న హషీష్, అనగా గంజాయి జాతి మత్తు, రూపంలో వచ్చింది. ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ దాని పుట్టుకను గురించి ఒక కథనం ఉటంకించాడు. హిజ్రీ 618 ప్రాంతంలో మరణించిన ఖురాసాన్ ఫకీరు షేఖ్ హైదర్ ఒక ఎండపూట ఒంటరిగా బయలుదేరాడట. గాలి లేక మొక్కలన్నీ నిశ్చలంగా ఉండగా ఒక మొక్క మాత్రం ఆనందంతో ఊగుతున్నట్లు కనిపించిందట. దాని ఆకులు తిని ఉల్లాసంగా తిరిగివచ్చి శిష్యులకు ఆ రహస్యం చెప్పాడట. హైదర్ ఆ ఆకును ఎన్నడూ తినలేదనీ, శిష్యుల అలవాటును జనం ఆయనకు అంటగట్టారనీ చెప్పే మరొక కథనాన్ని కూడా మఖ్రీజీయే పొందుపరచాడు. నిజమేదైనా, మొక్క తనతో మాట్లాడిందన్న భావనను మత్తుకు సమర్థనగా వాడుకోవడం ఇరవయ్యవ శతాబ్దపు వింత కాదని ఈ కథ తెలియజేస్తుంది.

ఖుర్ఆన్‌లో గాని హదీసులలో గాని హషీష్ పేరు లేదు. అందుచేత ఫఖీహులు పేరును కాక పనిని పరిశీలించారు. కైరోకు చెందిన మాలికీ పండితుడు ఇమామ్ ఖరాఫీ (మరణం హి. 684) బుద్ధిపై పనిచేసే వస్తువులను మూడుగా విభజించారు. ఉల్లాసం కలిగిస్తూ బుద్ధిని కమ్మివేసేవి, ఇంద్రియాలను సైతం నిద్రపుచ్చేవి, ఉల్లాసం లేకుండా బుద్ధిని చెరిపేవి. హషీష్‌ను ఆయన మూడవ తరగతిలో చేర్చారు. ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం హి. 728) దానిని సారాయితో సమానమైన మత్తుగానే పరిగణించారు. షాఫియీ పండితుడు జర్కషీ (మరణం హి. 794) ఈ విషయంపై ప్రత్యేక గ్రంథమే రాశారు. శిక్షను గురించి, తరగతిని గురించి వారి మధ్య అభిప్రాయభేదాలున్నాయి. బుద్ధి చెడేంతగా సేవించడం నిషిద్ధమన్న విషయంలో భేదం లేదు.

కాఫీ చరిత్ర దీనికి మరో పార్శ్వం. యమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో మెలకువగా ఉండడానికి కాఫీ తాగేవారు. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ దానిని నిషేధించాడు. ఆ నిషేధం నిలువలేదు. కాఫీ బుద్ధిని కమ్మివేయదనీ, పైగా మెలకువనిస్తుందనీ స్పష్టమైన తర్వాత దానిని అనుమతించినవారి మాటే నెగ్గింది. అంటే ఫఖీహుల కొలబద్ద కొత్త వస్తువుపై అనుమానం కాదు, బుద్ధి సంరక్షణ. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ఆస్తి అన్న ఐదింటి పరిరక్షణ షరీఅత్ లక్ష్యాలని ఇమామ్ గజాలీ వివరించినప్పుడు బుద్ధికి అందులో స్థానం లభించడం ఇందుకే.

సారాయిని గురించిన ఆయతులలో ఇంకొక మెలకువ కనిపిస్తుంది. అందులో ప్రజలకు కొంత ప్రయోజనమున్నదని ఖుర్ఆన్ ఒప్పుకుంటూనే, దాని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదన్నది (2: 219). మత్తు స్థితిలో, తాము పలుకుతున్నదేమిటో తెలిసేవరకు, నమాజును సమీపించవద్దన్నది (4: 43). అటు తర్వాత దైవస్మరణ నుంచి, నమాజు నుంచి అది మరలిస్తుందని చెప్పి పూర్తిగా మానుకొమ్మన్నది (5: 90, 91). కాబట్టి ఏదో ఒక మేలు కనిపించిందన్న పరిశోధనను చూసి ముస్లిం కంగారుపడనక్కరలేదు, దానిని అబద్ధమనవలసిన అగత్యమూ లేదు. మేలు అసలున్నదా అన్నదొక్కటే కాక, దానికై చెల్లించే మూల్యమేమిటన్నది కూడా ఇక్కడి ప్రశ్న.

సుక్ర్, సహ్వ్

సూఫీ సాహిత్యంలో “సుక్ర్” (మైమరపు), “సహ్వ్” (మెలకువ) అనే రెండు పదాలు తరచుగా కనిపిస్తాయి. ఇక్కడ సుక్ర్ అన్నది ఏ పదార్థమూ లేని, దైవప్రేమలో కలిగే పరవశం. దానికి బాయజీద్ బస్తామీని, మెలకువకు జునైద్ బగ్దాదీని ప్రతినిధులుగా చెబుతారు. లాహోరులో సమాధి అయిన షేఖ్ హుజ్వేరీ “కష్ఫుల్ మహ్జూబ్”లో ఇరుపక్షాల వాదాలు వివరించి, తన గురువు మార్గాన్ని అనుసరించి మెలకువకే పెద్దపీట వేశారు.

ఇమామ్ గజాలీ (మరణం హి. 505) ఈ విషయాన్ని మరింత నిశితంగా విప్పిచెప్పారు. మత్తు నిర్వచనం తెలియడం వేరు, మత్తులో ఉండడం వేరని తన ఆత్మకథలో అంగీకరించారు. అనుభవానికి ఉన్న స్థానాన్ని ఆయన కాదనలేదు. అయితే “మిష్కాతుల్ అన్వార్”లో, పరవశంలో ఏకత్వాన్ని చూచినవారు మైమరపు తగ్గి బుద్ధి ఏలుబడిలోకి తిరిగి వచ్చినప్పుడు తాము చూచినది నిజమైన ఏకత్వం కాదనీ, ఏకత్వాన్ని పోలినది మాత్రమేననీ గ్రహిస్తారని రాశారు. బుద్ధిని ఆయన అక్కడ భూమిపై దేవుని త్రాసుగా వర్ణించారు.

దైవప్రేమ వల్ల కలిగిన పరవశానికే ఈ తూకం తప్పనప్పుడు రసాయనం వల్ల కలిగిన పరవశానికి తప్పుతుందా? పైగా ఇక్కడ ఇంకో చిక్కున్నది. దైవస్మరణతో వచ్చిన స్థితి త్రాసును విరగగొట్టకుండా వస్తుంది. రసాయనం మొదట త్రాసునే కదిలించి, తరువాత సరుకును దానిలో పెడుతుంది. ఆ సమయంలో తోచినదంతా పరమసత్యంలా తోస్తుంది. తోచడమే ప్రమాణం కాదు.

దీనికొక ఉదాహరణ ఇటీవలి పరిశోధనలోనే ఉంది. తమ నమ్మకాలను మార్చిన సైకెడెలిక్ అనుభవం పొందినవారు, జంతువులకే కాక మొక్కలకు, నిర్జీవ వస్తువులకు సైతం చైతన్యమున్నదని నమ్మడం ఎక్కువైందని 2022లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించారు. సప్తాకాశాలూ భూమీ, వాటిలోనివన్నీ దైవాన్ని కీర్తిస్తున్నాయని ఖుర్ఆన్ కూడా చెబుతుంది. కాని వాటి కీర్తనను మీరు గ్రహించలేరని అదే ఆయతు చెబుతుంది (17: 44). సంబంధాన్ని స్థాపిస్తూనే మనిషి జ్ఞానానికి హద్దు గీసిన మాట ఇది. మత్తులో ఆ హద్దే ముందుగా చెరిగిపోతుంది.

ప్రకృతి – ఒక ఆయత్

ఖుర్ఆన్ వాక్యాన్నీ ప్రకృతిలోని నిదర్శనాన్నీ అరబీలో ఒకే పదంతో, “ఆయత్” అని పిలుస్తారు. ఆయత్ చదవబడాలి, అర్థం చేసుకోబడాలి. రాత్రింబవళ్ళ మార్పులో, భూమ్యాకాశాల సృష్టిలో నిదర్శనాలున్నవి బుద్ధిమంతులకని ఆలి ఇమ్రాన్ సూరా పేర్కొంటుంది (3: 190, 191). నిలబడీ కూర్చునీ పడుకునీ దైవాన్ని స్మరిస్తూ సృష్టిని గురించి ఆలోచించేవారే ఆ బుద్ధిమంతులు. చదివే కన్ను, చదవబడే అక్షరం ఒకటైపోతే చదువు సాగదు. ఏకత్వంలో కరిగిపోవడానికీ తఫక్కుర్‌కూ ఉన్న మౌలికమైన తేడా ఇదే.

తేడా ఉన్నంతమాత్రాన దూరం లేదు. భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని ఖుర్ఆన్ చెబుతుంది (6: 38). బంధుత్వ భావన ఇక్కడ మత్తుతో రాలేదు, వహీతో వచ్చింది. బంధుత్వంతో పాటు బాధ్యత వచ్చింది. ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి దానమవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. మదీనా పరిసరాలలో చెట్లు నరకడాన్ని, వేటాడడాన్ని నిషేధించి ఆ ప్రాంతాన్ని పవిత్ర క్షేత్రంగా ప్రకటించారు. ఇవన్నీ మెలకువలో, దినచర్యలో చేయవలసిన పనులు.

ప్రకృతి ప్రేమ పేరిట సాగుతున్న సైకెడెలిక్ అన్వేషణ ప్రకృతికే చేటు తెస్తున్న సందర్భాలూ ఉన్నాయి. పెయోటే మొక్క ఎదగడానికి పదేళ్ళకు పైగా పట్టవచ్చు. అతిగా కోయడం వల్ల, భూముల సాగు వల్ల అది ముప్పునెదుర్కొంటున్న జాతుల జాబితాకెక్కింది. అమెరికాలోని సొనోరా ఎడారి కప్ప తన చర్మం నుంచి స్రవించే పదార్థం కోసం పట్టుబడుతోంది. ఆ కప్పలను నాకవద్దని 2022లో అక్కడి జాతీయ ఉద్యానవనాల శాఖ ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. సోదరభావం కోసం సోదరుణ్ణే పీడించడం లాంటిది ఇది.

ఇదిలా ఉండగా, ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాచారంతో 2019లో ప్రచురించిన పరిశీలనలో, వారానికి మొత్తం 120 నిమిషాలు ప్రకృతి మధ్య గడిపేవారు తమ ఆరోగ్యం, మనస్సు బాగున్నాయని ఎక్కువగా చెప్పినట్లు తేలింది. ఇదీ సంబంధమే గాని కారణానికి రుజువు కాదు. ఇవీ వారు చెప్పుకున్న మాటలే. కాని రెండు గంటల నడకకు చట్టం అడ్డురాదు, షరీఅత్ అడ్డురాదు, బుద్ధికి ముప్పు లేదు.

వైద్యం సంగతి

రోగికి చికిత్సగా ఈ ద్రవ్యాలను వాడడం వేరే ప్రశ్న. 2023 జులై నుంచి ఆస్ట్రేలియాలో, ఇతర మందులకు లొంగని కుంగుబాటుకు, అనుమతి పొందిన మనోవైద్యులు సిలోసైబిన్ ఇవ్వడానికి వీలు కల్పించారు. అవయవాన్ని కోయవలసి వచ్చినప్పుడు మగత కలిగించే మందును పూర్వ ఫఖీహులు అనుమతించారు. ప్రాణరక్షణకై కలిగే అగత్యానికి షరీఅత్‌లో స్థానమున్నది. వేరే దారి లేని రోగి విషయంలో నమ్మకమైన వైద్యుల మాట విని ఫఖీహులు నిర్ణయించవలసిన సంగతి అది. ఆ వెసులుబాటును ఆరోగ్యవంతుని అనుభవ కాంక్షకు విస్తరించడానికి ఆధారం లేదు. ఆసుపత్రిలో ఇచ్చే మగతమందును చూపి ఇంటివద్ద మగతను ఎవరూ సమర్థించరు.

మొత్తం మీద తేలేదేమంటే, సైకెడెలిక్ ద్రవ్యాలు “నేను” అన్న గోడను కొద్ది గంటలు పలచబరుస్తాయి. ఆ సమయంలో కొందరికి ప్రకృతి ఆత్మీయంగా తోస్తుంది, ఆ తలపు కొంతకాలం మిగులుతుంది. పరిశోధనలు చెబుతున్నది ఇంతవరకే. ఆ తలపు సత్యజ్ఞానమని అవి నిరూపించలేదు. ఆ తలపు వల్ల ఒక నది శుభ్రపడిందనీ, ఒక అడవి నిలిచిందనీ చూపలేదు. ఆకాశాన్ని ఎత్తి త్రాసును నెలకొల్పి, ఆ తూకంలో హద్దు మీరవద్దని ఖుర్ఆన్ మానవుణ్ణి ఆజ్ఞాపించింది (55: 7–9). నీటిని దుబారా చేయకపోవడం, చెట్టును కాపాడడం, మూగజీవిని హింసించకపోవడం ఆ తూకంలోని భాగాలే. వాటిని నెరవేర్చడానికి ప్రకృతిలో కరిగిపోనక్కరలేదు. ప్రకృతి ఎవరిదో ఎరిగి, రేపు ఆయన ముందు జవాబు చెప్పుకోవలసి ఉన్నదన్న మెలకువతో మసలుకుంటే చాలును.